సాఫ్ట్‌వేర్ ఉచితమే, జవాబుకు పూచీ ఎవరిది?

మా బాబాయి కొడుక్కి విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. బ్రాకెట్లు, స్టాండ్లు, ట్యాంకు ఫ్రేములు చేస్తాడు. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నా, పార్టీ వాళ్ళు బ్రాకెట్‌కి ఎఫ్‌ఈఏ రిపోర్ట్ పెట్టమంటున్నారు. నువ్వు ఆఫీసులో ఆ రంగుల బొమ్మలేవో చేస్తుంటావు కదా, ఒకటి కొట్టి పంపు" అన్నాడు. ఎఫ్‌ఈఏ అంటే ఒక వస్తువు బరువుకు ఎంత వంగుతుందో, తట్టుకుంటుందో లేదో కంప్యూటర్ మీద చూసే లెక్క. ఆఫీసు లైసెన్స్ మీద సొంతవాళ్ళ పనులు చేయకూడదని చెప్పాను. బయట కనుక్కుంటే లైసెన్స్ లక్షల్లో చెప్పారట, వాడి ఆర్డరు మొత్తం కలిపినా అంత రాదు. "క్రాక్ వెర్షన్ ఏదో దొరుకుతుందంటున్నారు అన్నా" అన్నాడు. వద్దురా, నిక్షేపంలాంటి దారి ఇంకొకటి ఉంది, లోపలి కోడ్‌తో సహా అందరికీ ఉచితంగా ఇచ్చే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకురా అన్నాను.

ఆ ఆదివారం వాడికి చెప్పిందే, కాస్త వివరంగా, ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ రంగుల బొమ్మ వెనక ఏం జరుగుతుందో చూద్దాం. గోడకు ఒక చివర బిగించిన ఇనప పట్టీ ఉందనుకోండి. పొడవు 500 మిల్లీమీటర్లు, వెడల్పు 20, ఎత్తు 40. రెండో చివర 1000 న్యూటన్లు, అంటే సుమారు 100 కిలోల బరువు వేలాడదీశాం. చివర ఎంత కిందికి దిగుతుంది? డిప్లొమా చదివినవాళ్ళకు కూడా కంఠతా వచ్చే సూత్రమే: పీఎల్ క్యూబ్ బై త్రీ ఈఐ. ఇందులో పీ బరువు, ఎల్ పొడవు, ఐ పట్టీ అడ్డకోత ఆకారాన్ని బట్టి వచ్చే అంకె, 'ఈ' (E) లోహం ఎంత బిర్రుగా ఉందో చెప్పే అంకె. ఉక్కుకు ఆ 'ఈ' విలువ 2 లక్షల మెగాపాస్కల్స్ అని వేస్తే 1.95 మిల్లీమీటర్లు వస్తుంది. గోడ దగ్గర స్ట్రెస్, అంటే లోహం లోపల ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద పడే బలం, 93.75 మెగాపాస్కల్స్. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గర సాగడం మొదలెడుతుంది కాబట్టి ఫర్వాలేదు. కంప్యూటర్ అక్కర్లేదు, కాగితం చాలు.

కానీ నిజం బ్రాకెట్ ఇలా ఉండదు. మూడు బోల్టు రంధ్రాలుంటాయి, మూలకు బలం కోసం పెట్టే గసెట్ ప్లేటు ఉంటుంది, వెల్డింగ్ ఉంటుంది. ఆ ఆకారానికి సూత్రం ఎవరూ రాయలేదు. అందుకని వస్తువును చిన్న చిన్న ముక్కలుగా ఊహించుకుంటాం. చుక్కల ముగ్గు గుర్తుతెచ్చుకోండి. చుక్కలే నోడ్లు, వాటిని కలిపే గళ్ళే ఎలిమెంట్లు, ముగ్గంతా కలిపి మెష్. ఒక్కో గడి ఒక్కో స్ప్రింగు లాంటిది: ఇంత తోస్తే ఇంత జరుగుతుంది అన్న లెక్క దానికి రాయడం తేలిక. పక్కపక్క గళ్ళు ఒకే చుక్కను పంచుకుంటాయి కాబట్టి ఆ చుక్క రెండిటికీ ఒకేలా కదలాలి, దాని మీద పడే బలాలన్నీ సరిపోవాలి. ప్రతి చుక్కకూ ఈ షరతు రాస్తే ఒక పెద్ద సమీకరణాల గుంపు తయారవుతుంది. దాన్ని సాధించడమే ఫైనైట్ ఎలిమెంట్ ఎనాలిసిస్, మా వాడు అడిగిన ఎఫ్‌ఈఏ.

పద్ధతి వయసు చిన్నదేం కాదు. 1943లో కూరంట్ అనే గణితవేత్త త్రిభుజాల మీద ఈ ఆలోచన రాశాడు. 1956లో విమానాల రెక్కల లెక్కలకు టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ కలిసి దాన్ని ఇంజనీర్ల చేతికి తెచ్చారు. "ఫైనైట్ ఎలిమెంట్" అన్న పేరు 1960లో క్లఫ్ పెట్టాడు. ఇందులో మనవాళ్ళ చెయ్యీ ఉంది. ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివి అమెరికాలో స్థిరపడిన జె.ఎన్. రెడ్డి పలకల వంపు మీద 1984లో ఇచ్చిన సిద్ధాంతాన్ని ఇవాళ్టికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 2019లో ఆయనకు ఈ రంగంలో పెద్ద పురస్కారమైన టిమోషెంకో మెడల్ వచ్చింది.

ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ల్యాప్‌టాప్ మీద ఇది ఎలా సాధ్యమని మా వాడు కూడా అడిగాడు. లక్ష నోడ్లున్న మెష్ తీసుకోండి. ఒక్కో నోడు మూడు దిక్కుల్లో కదలగలదు, అంటే 3 లక్షల సమీకరణాలు. వాటి పట్టికలో 3 లక్షల అడ్డవరసలు, 3 లక్షల నిలువు వరసలు. ప్రతి గడికీ 8 బైట్లు వేస్తే 720 జీబీ. ఏ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది అంత మెమరీ? అయితే ఒక చుక్కకు తన పక్క చుక్కలతోనే సంబంధం, అవతలి వీధి చుక్కతో పనిలేదు. అందుకని ఇటుక ఆకారపు గళ్ళలో ఒక అడ్డవరసకు సున్నా కాని అంకెలు మహా అయితే 81. సున్నాలను వదిలేసి మిగతావే దాచుకుంటే 200 ఎంబీ లోపు సరిపోతుంది. సాధించేటప్పుడు మధ్యలో కొత్త అంకెలు పుట్టుకొచ్చి అది కొన్ని జీబీలకు పెరుగుతుంది, అయినా ల్యాప్‌టాప్‌కు మించిన పని కాదు.

ఒక సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. కంప్యూటర్ నేరుగా కనుక్కునేది చుక్కలు ఎంత జరిగాయన్నదే. స్ట్రెస్ ఆ జరుగుబాటులోని తేడాల నుంచి తీసిన రెండో చేతి సమాచారం. అందుకే మెష్ ముతకగా ఉన్నప్పుడు డిఫ్లెక్షన్, అంటే ఎంత వంగిందన్నది, బాగానే వచ్చినా స్ట్రెస్ తప్పు రావచ్చు.

ఇన్ని పేర్లేంటి, ఏది దించుకోవాలి?

ఓపెన్ సోర్స్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు తికమకపడేది ఇక్కడే. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఒకే కిటికీ తెరుచుకుంటుంది, బొమ్మ గీయడం నుంచి రిపోర్ట్ దాకా అన్నీ అందులోనే. ఇక్కడ మాత్రం పెళ్ళి పనుల్లాగా ఒక్కో పని ఒక్కొక్కరు చూస్తారు. ఆకారం గీసేది ఒకరు, దాన్ని ముక్కలు చేసేది ఇంకొకరు, సమీకరణాలు సాధించేది మరొకరు, చివరికి రంగులు వేసి చూపించేది వేరొకరు. "ఫ్రీక్యాడ్ మంచిదా, క్యాలిక్యులిక్స్ మంచిదా, పారావ్యూ మంచిదా?" అని అడిగేవాళ్ళు చాలామంది. అది పురోహితుడు మంచివాడా, వంటాయన మంచివాడా అని అడగడం. ఫ్రీక్యాడ్ ఆకారం గీస్తుంది. జీమెష్, నెట్‌జెన్ ముక్కలు చేస్తాయి. క్యాలిక్యులిక్స్ లెక్క చేస్తుంది. పారావ్యూ ఫలితం చూపిస్తుంది.

లెక్క చేసేదాన్ని సాల్వర్ అంటారు. అసలు ప్రాణం అక్కడే ఉంది కాబట్టి దాని గురించే కాస్త ఎక్కువ చెబుతాను.

క్యాలిక్యులిక్స్‌ను రాసింది ఇద్దరు మనుషులు. జర్మనీలో మ్యూనిక్‌లోని విమాన ఇంజిన్ల కంపెనీ ఎంటీయూకి చెందిన గీడో ధోంట్ సాల్వర్ రాస్తే, క్లాస్ విట్టిగ్ బొమ్మలు చూపించే భాగం రాశాడు. 1998 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. దీని ఇన్‌పుట్ ఫైలు రాసే తీరు డబ్బు పెట్టి కొనే అబాకస్ అనే సాఫ్ట్‌వేర్‌ను పోలి ఉంటుంది, కాబట్టి ఆఫీసులో అబాకస్ వాడినవాళ్ళకు చెయ్యి వెంటనే అలవాటవుతుంది. ఆ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరవొచ్చు. నక్షత్రం గుర్తు పెట్టి నోడ్ అని రాసి కింద చుక్కల కొలతలు, మళ్ళీ నక్షత్రం పెట్టి ఎలిమెంట్, మెటీరియల్, బౌండరీ, స్టెప్, ఇలా సాగుతుంది. ఒకసారి పైనుంచి కిందిదాకా ఓపిగ్గా చదివితే, ఎన్నో ఏళ్ళు బటన్లు నొక్కినా అర్థం కాని విషయం అర్థమవుతుంది: కంప్యూటర్‌కు మనం చెప్పింది ఇంతే, దీనికి మించి దానికేమీ తెలియదు. నాలుగు పనులూ ఒకే చోట కావాలంటే ఫ్రీక్యాడ్‌లోని ఫెమ్ వర్క్‌బెంచ్ ఉంది. విండోస్‌లో అయితే స్లొవేనియాలోని మారిబోర్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రీపోమ్యాక్స్ నాకు ఇంకా హాయిగా అనిపిస్తుంది. రెండిటి లోపలా లెక్క చేసేది క్యాలిక్యులిక్సే.

కోడ్ ఆస్టర్‌ది వేరే స్థాయి. ఫ్రాన్స్ విద్యుత్ సంస్థ ఈడీఎఫ్ తన అణు విద్యుత్ కేంద్రాల కోసం 1989లో మొదలుపెట్టింది, 2001లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద బయటపెట్టింది. పగుళ్ళు, అలసట, కాంక్రీటు, భూకంపం, ఏది అడిగినా ఉంటుంది. వేలాది పరీక్షా లెక్కలు దానితోపాటే వస్తాయి. చిక్కల్లా భాషే. ఆదేశాల పేర్లు ఫ్రెంచిలో, మూల పత్రాలు ఫ్రెంచిలో. బరువు కదలకుండా ఉండే మామూలు స్టాటిక్ లెక్కకు 'మెకా స్టాటీక్' అని రాయాలి. మొదటి నెల నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్న బాధ ఉంటుంది. నాలాంటి బ్రాకెట్లవాళ్ళకు ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

ఫిన్లాండ్‌లో 1995లో పుట్టి, సీఎస్‌సీ అనే కంప్యూటింగ్ కేంద్రం 2005లో జీపీఎల్ కిందికి తెచ్చిన ఎల్మర్ బలం కలగలుపు లెక్కల్లో ఉంది. వేడి, కరెంటు, అయస్కాంతం, యాంత్రిక బలం ఒకదాన్నొకటి ప్రభావితం చేసే మోటార్ల వంటివాటికి అది సరిపోతుంది. దాని మీదే కట్టిన ఎల్మర్ ఐస్‌తో హిమానీనదాల కదలికలు లెక్కకడుతున్నారు. భవనాలు, భూకంపాలైతే అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో పుట్టిన ఓపెన్‌సీస్. కార్లు గుద్దుకోవడం లాంటి క్షణాల్లో ముగిసే లెక్కలకు చాలాకాలం ఓపెన్ సోర్స్‌లో గట్టి దిక్కు లేదు. 2022లో ఆల్టెయిర్ అనే కంపెనీ తన రేడియాస్ సాల్వర్‌ను ఓపెన్ రేడియాస్ పేరుతో బయటపెట్టాక ఆ లోటు తీరింది. ఫెనిక్స్, డీల్ టూ లాంటివి దించుకుని బటన్ కోసం వెతక్కండి, ఉండదు. అవి సమీకరణం మనమే రాసుకునే పరిశోధకుల లైబ్రరీలు. ఓపెన్‌ఫోమ్ పేరు కూడా ఈ జాబితాల్లో కనిపిస్తుంటుంది కానీ అది ప్రవాహాల కోసం, వాడే పద్ధతి కూడా ఫైనైట్ వాల్యూమ్, వేరే కుటుంబం.

మన దేశంలో తయారైనది లేదా అంటే ఉంది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్ రాకెట్ల కోసం 'ఫీస్ట్' అనే సాఫ్ట్‌వేర్ రాసుకుంది, బయటివాళ్ళకూ ఇస్తోంది. అయితే అది స్వదేశీ మాత్రమే, ఓపెన్ సోర్స్ కాదు. కంపెనీలిచ్చే స్టూడెంట్ ఎడిషన్లూ అంతే. డబ్బు తీసుకోరు, కానీ నోడ్లకు పరిమితి పెడతారు, వ్యాపారానికి వాడొద్దంటారు, లోపల ఏముందో చూపించరు. జీపీఎల్ లెక్క వేరు: వ్యాపారానికి హాయిగా వాడుకో, కోడ్ చూసుకో, మార్చుకో. మార్చిన ప్రోగ్రామును ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మాత్రం సోర్స్ కూడా ఇవ్వాలి. దాంతో చేసిన మీ బ్రాకెట్ డిజైన్‌ను ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఈ అనుమానంతో వెనకాడే షెడ్డు యజమానుల్ని చూశాను.

ఒకే పట్టీ, రెండు జవాబులు

ఆదివారం మా వాడు రాగానే బ్రాకెట్ జోలికి పోలేదు. పైన చెప్పిన ఆ సాదా పట్టీనే గీయించాను. జవాబు 1.95 అని కాగితం మీద ముందే రాసిపెట్టాను. కావాలనే మొదటి తరగతి టెట్రాలు, అంటే నాలుగే చుక్కలున్న పిరమిడ్ ముక్కలు, ఎత్తులో ఒకటే వరస వచ్చేలా మెష్ చేయించి రన్ కొట్టమన్నాను. కొన్ని సెకన్లలో చక్కటి రంగుల బొమ్మ వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. చివర కిందికి దిగింది మాత్రం రావాల్సినదాంట్లో సగం కూడా లేదు.

"ఫ్రీ సాఫ్ట్‌వేర్ కదా అన్నా, అంతేలే" అన్నాడు.

కాదురా అని సెట్టింగ్ ఒక్కటి మార్పించాను. ప్రతి అంచు మధ్యలో ఇంకో చుక్క పెట్టి, ముక్కకు పది చుక్కలు చేశాం. మళ్ళీ రన్ కొడితే దాదాపు 1.95 దగ్గర వచ్చి ఆగింది. సాల్వర్ అదే, పట్టీ అదే. నాలుగు చుక్కల ముక్క లోపల స్ట్రెస్ అంతటా ఒకటే ఉంటుంది, అది వంగలేదు. వంగలేని ముక్కలతో కట్టిన పట్టీ ఉన్నదానికంటే బిర్రుగా కనిపిస్తుంది. లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ ముక్క ఇలాగే చేస్తుంది. తేడా ఏమిటంటే అందులో చాలా చోట్ల తయారీవాళ్ళే మంచి ముక్కను ముందుగా ఎంచి పెడతారు. ఓపెన్ సోర్స్‌లో ఆ చెయ్యిపట్టుకుని నడిపించడం తక్కువ.

యూనిట్ల సంగతీ అంతే. క్యాలిక్యులిక్స్‌కు యూనిట్లంటూ ఏమీ లేవు, అంకెలే. మిల్లీమీటర్లు, న్యూటన్లు వాడితే ఉక్కు సాంద్రత మీటర్లు, కిలోల లెక్కలో వాడే 7850 కాదు, 0.00000000785 అని వేయాలి. ఒకసారి నేనే రాత్రిపూట తొందరలో ఇన్‌పుట్ ఫైల్లో 7850 కొట్టి, కంపనాల లెక్క చేశాను. ఇలాంటి పట్టీని పక్కకు లాగి వదిలితే సెకనుకు సుమారు 65 సార్లు ఊగాలి. నాకు వచ్చిన జవాబు పది లక్షల రెట్లు తక్కువ. అంటే ఒక్క ఊపుకి నాలుగు గంటల పైన! అంత అసంబద్ధం కాబట్టి పట్టుబడింది. రెండు రెట్ల తప్పయితే రిపోర్ట్‌లోకి ఎక్కి కూర్చునేదే.

ఇక మా వాడి అసలు బ్రాకెట్. గసెట్ ప్లేటు వెనక పలకను తాకే లోపలి మూల దగ్గర ఎర్రటి మచ్చ. మెష్ సన్నం చేస్తే స్ట్రెస్ పెరిగింది. ఇంకా సన్నం చేస్తే ఇంకా పెరిగింది. వాడికి టెన్షన్ మొదలైంది, "అన్నా, ఇది విరిగిపోతుందా?" అని. పదునైన లోపలి మూలలో గణితం ప్రకారం స్ట్రెస్‌కు పైహద్దే లేదు. ఎంత సన్నం చేస్తే అంత పెద్ద అంకె వస్తుంది. నిజం బ్రాకెట్‌లో అక్కడ వెల్డింగ్ గుండ్రటి మలుపు ఉంటుంది, ఉక్కు కాస్త సాగి సర్దుకుంటుంది. కాబట్టి ఆ మూల అంకెను నమ్మకూడదు. అలాగని ఎర్ర మచ్చలన్నీ ఉత్తుత్తివని కొట్టిపారేయకూడదు, వెల్డింగులు అలసటతో విరిగేది అలాంటి చోట్లే. ఏది ఏదో తేల్చుకోవడానికి బటన్ లేదు. మూలకు కొంచెం ఎడంగా, మెష్ మార్చినా అంకె మారని చోటు చూసుకుని, వెల్డింగును విడిగా చేత్తో లెక్కకట్టాం.

సముద్రంలో మునిగిన మెష్

పేరున్న సాఫ్ట్‌వేర్ కొంటే ఈ తలనొప్పులుండవు కదా అనేవాళ్ళకు నేను చెప్పేది నార్వే కథ. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గర గాండ్స్‌ఫియర్డ్‌లో స్లైప్నర్ ఏ అనే సముద్రపు చమురు వేదిక కాంక్రీటు పునాదిని నీళ్ళలోకి దించుతున్నారు. లోపలి గదుల గోడ ఒకటి పగిలింది, నీళ్ళు పంపులకు అందనంతగా తోసుకొచ్చాయి. పునాది మొత్తం మునిగి అడుగున పేలినట్టు చితికిపోయింది. ఆ దెబ్బ భూకంప యంత్రాల మీద 3.0 తీవ్రతగా నమోదైంది. ప్రాణాలు పోలేదు, నష్టం మాత్రం సుమారు 70 కోట్ల డాలర్లు.

లెక్క చేసింది నాస్ట్రాన్ మీద. నాసా 1960లలో రాయించిన, ఈ రంగంలో పెద్దన్న లాంటి ప్రోగ్రాం. విచారణలో తేలింది ఏమిటంటే, మూడు గోడలు కలిసే చోట మెష్ ముతకగా, వంకరగా ఉంది. అక్కడి షియర్ స్ట్రెస్, అంటే గోడను అడ్డంగా కోసేలా పనిచేసే బలం, అసలు కంటే 47 శాతం తక్కువ వచ్చింది. ఆ అంకెను నమ్మి గోడలో ఇనుము తక్కువ వేశారు. తర్వాత సన్నటి మెష్‌తో లెక్క చేస్తే గోడ 62 మీటర్ల లోతులో పగలాలి అని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. ప్రోగ్రాంలో దోషం లేదు. అడిగిన తీరులో ఉంది.

ఓపెన్ సోర్స్ గురించి నా అభిప్రాయం ఈ కథ చుట్టూనే తిరుగుతుంది. డబ్బు కట్టినా కట్టకపోయినా జవాబుకు పూచీ చేసినవాడిదే. కొన్న సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ఒప్పందాలను చదవండి, ఫలితాలకు బాధ్యత వాడినవాడిదేనని రాసి ఉంటుంది. డబ్బుతో వచ్చేది వేరే: ఫోన్ చేస్తే పలికే సపోర్ట్, తీరుగా ఉన్న మెనూలు, చిక్కు కాంటాక్ట్ లెక్కల్లో మొండికేయని సాల్వర్. ఇవి చిన్న విషయాలు కావు. రెండు భాగాలు ఒకదాన్నొకటి రుద్దుకునే లెక్క క్యాలిక్యులిక్స్‌లో కుదరక, అడుగు సైజు తగ్గిస్తూ తగ్గిస్తూ చివరికి చేతులెత్తేసిన రాత్రులు నాకున్నాయి. గడువు నెత్తి మీద ఉన్న కంపెనీ అలాంటప్పుడు లక్షలు కట్టడం తెలివితక్కువేం కాదు.

ఓపెన్ సోర్స్ ఇచ్చేది తనిఖీకి వీలు. నాఫెమ్స్ అని 1983లో బ్రిటన్‌లో మొదలైన సంస్థ ఈ రంగానికి పరీక్షా ప్రశ్నలు తయారుచేసింది. ఎల్‌ఈ1 అనే ప్రశ్నలో దీర్ఘవృత్తాకారపు పలక మీద ఒక బిందువు దగ్గర స్ట్రెస్ 92.7 మెగాపాస్కల్స్ రావాలి. మీ సాల్వర్, మీ మెష్ అలవాట్లు ఆ అంకె దగ్గరికి వస్తాయో లేదో ఎవరైనా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. రాకపోతే ఎందుకు రాలేదో కోడ్ దాకా వెళ్ళి వెతకొచ్చు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు క్రాక్ వెర్షన్లతో ప్రాజెక్టులు చేసి రంగుల బొమ్మలు బైండింగ్ చేయించడం చూస్తుంటాను. అదే కాలంలో 2డీ త్రిభుజం ఎలిమెంట్‌ను పైథాన్‌లో సొంతంగా రాసుకుని క్యాలిక్యులిక్స్‌తో పోల్చి చూస్తే, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే తడబడే అవస్థ తప్పుతుంది.

మా వాడి రిపోర్ట్ నాలుగు పేజీలైంది. మొదటి పేజీలో చేతి లెక్క, రెండో దాంట్లో 1.95 పట్టీ పరీక్ష, మూడోదాంట్లో మూడు రకాల మెష్‌లతో వచ్చిన అంకెల పట్టిక, ఆఖర్న రంగుల బొమ్మ. పార్టీ వాళ్ళు తిరుగు మెయిల్‌లో ఒక ఫారం పంపారు. అందులో "సాఫ్ట్‌వేర్ లైసెన్స్ నంబర్" అని ఒక గడి ఉంది. ఏం రాయాలన్నా అని మళ్ళీ ఫోన్. ఉన్నదే రాయమన్నాను. "జీపీఎల్, వెర్షన్ 2" అని నింపి పంపాడు. ఆర్డరు వచ్చింది.